పొరుగు దేశంలో సెలవుల ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి విషయం ఒకటే: శ్రీలంకలోనో నేపాల్‌లోనో చిన్న ఇల్లు కొనుక్కోవచ్చా, డబ్బు ఎలా పంపాలి, తర్వాత ఇబ్బందులేమైనా వస్తాయా. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరమే ఎంచుకుని జవాబు రాస్తున్నాం.

*

శ్రీలంకలో బెంతోట దగ్గర సముద్రం పక్కన 20 పర్చ్‌ల స్థలం, అందులో చిన్న విల్లా ఉన్నాయని మధ్యవర్తి చెబుతున్నాడు. "ఇండియా వాళ్లకి ప్రత్యేక అనుమతి ఉంది, మీ పేరుమీదే రిజిస్ట్రేషన్ చేయిస్తాం" అంటున్నాడు. పర్చ్ అంటే మన లెక్కలో ఎంత? అడ్వాన్సు ఇవ్వమంటారా?
విశ్రాంత ఉద్యోగి, పటమట, విజయవాడ

అడ్వాన్సు ఇవ్వకండి. మీరు చెప్పిన పద్ధతిలో ఆ స్థలం మీ పేరుమీదికి రాదు.

ముందు కొలత. ఒక పర్చ్ అంటే 272.25 చదరపు అడుగులు, అంటే 30.25 గజాలు. మన సెంటు 48.4 గజాలు కాబట్టి 20 పర్చ్‌లంటే 605 గజాలు, పన్నెండున్నర సెంట్లు. 160 పర్చ్‌లు ఒక ఎకరం. అక్కడ ధరలు పర్చ్ లెక్కనే చెబుతారు, పైగా శ్రీలంక రూపాయల్లో. గజం ధర అనుకుని మనసులో లెక్కేసుకుంటే బోల్తా పడతారు.

ఇక చట్టం. శ్రీలంకలో 2014లో భూముల బదలాయింపు మీద ఆంక్షల చట్టం (38వ నంబరు) వచ్చింది. 2013 జనవరి 1 నుంచి జరిగిన లావాదేవీలకు కూడా దాన్ని వర్తింపజేశారు. విదేశీయులకు, విదేశీ కంపెనీలకు, 50 శాతం లేదా అంతకుమించి విదేశీ వాటా ఉన్న స్థానిక కంపెనీలకు భూమి యాజమాన్యం బదలాయించడాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది. భారతీయులకంటూ విడిగా మినహాయింపేమీ అందులో లేదు. డీడ్ (దస్తావేజు) రాసి చేతిలో పెట్టినా, చట్టం ముందు అది ఉత్త కాగితమే.

మీలాంటి వారికి మిగిలే దారులు రెండు. మొదటిది కండోమినియం, అంటే అపార్ట్‌మెంటులో ఫ్లాటు. దీనికి ముఖ్యమైన షరతు, డీడ్ రాసేలోపు మొత్తం విలువ విదేశం నుంచి బ్యాంకు ద్వారా రావడం. మొదటి చట్టంలో నాలుగో అంతస్తు, ఆపైన ఉన్న ఫ్లాట్లే అని ఉంది. 2018లో ఆ చట్టాన్ని సవరించారు. మధ్యవర్తి చేతిలో ఉన్న పాత కరపత్రం చూసి అంతస్తు ఖాయం చేసుకోకండి, సవరణతో కలిపిన చట్టం ప్రతిని అక్కడి నోటరీ న్యాయవాది చేత చదివించుకోండి. రెండో దారి లీజు. గరిష్ఠంగా 99 ఏళ్లకు తీసుకోవచ్చు.

బెంతోట విల్లా మీద మనసుంటే లీజే శరణ్యం. అలాంటప్పుడు ధర కంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త లీజు రాస్తున్నారా, లేక ఎవరో ఎప్పుడో తీసుకున్న 99 ఏళ్లలో మిగిలిన ముక్క మీకు బదలాయిస్తున్నారా? పేరుకి 99 ఏళ్ల లీజే, మిగిలినవి 61 ఏళ్లే అయితే మీరు కొంటున్నది ఆ 61 ఏళ్లనే. ఏడు గడిచేకొద్దీ దాని అమ్మకం విలువ తగ్గుతుంది. ఇంకొకరికి బదలాయించడానికి భూయజమాని సంతకం కావాలని లీజులో రాశారా? గడువు ముగిశాక కట్టడం ఎవరిది? భూమి ఇప్పటికే బ్యాంకులో తాకట్టులో ఉందా? ఉంటే, యజమాని అప్పు ఎగ్గొట్టిన రోజున బ్యాంకు ముందు మీ లీజు నిలబడకపోవచ్చు. లీజు అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదయ్యి తీరాలి. మన వైపు సంగతి కూడా గుర్తుంచుకోండి: 5 ఏళ్లు దాటిన లీజును మన ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనలు కొనుగోలు లాగే చూస్తాయి. డబ్బు పంపే పద్ధతిలో తేడా ఉండదు.

"51 శాతం మావాడి పేరు, 49 శాతం మీ పేరు పెట్టి కంపెనీ తెరుద్దాం" అనే సలహా ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. దానికి రెండు వైపులా చిక్కే. అక్కడ 51 శాతం వాటాదారు మీ మాట వింటాడన్న పూచీ లేదు. ఇక్కడ, కేవలం స్థలాలు కొని అమ్మే విదేశీ కంపెనీలో పెట్టుబడి పెట్టడానికి 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనలు ఒప్పుకోవు.

*

కొలంబోలో ఫ్లాటు చూశాం. మొదటి విడతగా 40 లక్షల రూపాయలు పంపాలి. బ్యాంకులో అడిగితే 46 లక్షలకు పైగా ఉండాలంటున్నారు. ఆ పైన డబ్బు ఎందుకు? ఇక్కడి ఇంటి మీద అప్పు తీసుకుని పంపవచ్చా?
దంపతులు, బ్రాడీపేట, గుంటూరు

బ్యాంకు చెప్పింది సరైన లెక్కే. మన దేశంలో నివసించే ఎవరైనా, పిల్లలతో సహా, ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద బయటికి పంపవచ్చు. విదేశంలో ఇల్లు కొనడం అందులో అనుమతించిన పనే. కాకపోతే ఇలాంటి ఖర్చుకు ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) బ్యాంకే వసూలు చేస్తుంది. 40 లక్షల్లో 10 లక్షలు పోగా 30 లక్షల మీద 20 శాతం, అంటే 6 లక్షలు. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ కొంచెమే: 10 లక్షలు దాటిన మొత్తాలకు 5,500 రూపాయలు, దాని మీద 10 లక్షలు దాటిన భాగంలో 0.1 శాతం కలిపి వచ్చిన అంకెకు 18 శాతం వేస్తారు. మీ విషయంలో 5,500కు 3,000 కలిపితే 8,500, దాని మీద జీఎస్టీ 1,530 రూపాయలు. వీటికి బ్యాంకు చార్జీలు, రేటులో వాళ్లు ఉంచుకునే తేడా అదనం. ఆ తేడా ఒక్కో బ్యాంకుకి ఒక్కోలా ఉంటుంది. 40 లక్షల మీద డాలరుకి 50 పైసలు తగ్గించుకున్నా జీఎస్టీ కంటే ఎన్నో రెట్లు మిగులుతుంది. అందుకని పంపే రోజు ఉదయం రెండు మూడు బ్యాంకుల్లో రేటు అడగండి.

టీసీఎస్ ఎక్కడికీ పోదు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకుంటారు లేదా వాపసు వస్తుంది. అయితే ఆ 6 లక్షలు కొన్ని నెలలు ఇరుక్కుపోతాయి. ఫ్లాటు ధర మాత్రమే దగ్గర పెట్టుకుని ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లకు చివరి వారంలో చేతిలో డబ్బు చాలకపోయేది ఇందుకే.

మీరిద్దరూ చెరో 20 లక్షలు పంపితే 10 లక్షల మినహాయింపు ఇద్దరికీ వస్తుంది. అప్పుడు ఒక్కొక్కరి మీద 2 లక్షలు, మొత్తం 4 లక్షలే పడుతుంది. దానికి షరతుంది: ఆస్తి కొనుగోలు లాంటి వాటికి కుటుంబసభ్యుల పరిమితులు కలుపుకోవాలంటే, ఆ సభ్యులు ఆస్తిలో సహయజమానులై ఉండాలి. డీడ్‌లో భార్య పేరు లేకుండా ఆమె ఖాతా నుంచి డబ్బు పంపడం తప్పు. భర్త ఇక్కడ రూపాయల్లో భార్యకు బహుమతిగా ఇచ్చి ఆమె చేత పంపించడం మాత్రం మామూలే. అలా ఇచ్చిన డబ్బుతో వచ్చే అద్దె మటుకు భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

అప్పు తీసుకుని పంపడం కుదరదు. ఎల్‌ఆర్‌ఎస్ కింద ఆస్తులు కొనడానికి బ్యాంకులు రుణాలు ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. క్రెడిట్ కార్డుతో బుకింగ్ సొమ్ము కట్టకండి, విదేశీ ఆస్తి కొనుగోలుకు అది దారి కాదు. బిల్డరు వడ్డీతో వాయిదాలు ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. అది విదేశీ అప్పు కిందికి వస్తుంది. దానికి ఎల్‌ఆర్‌ఎస్ అనుమతి సరిపోదు.

బ్యాంకులో ఫారం ఏ2 నింపేటప్పుడు ఒక గడి దగ్గర ఆగండి. పంపడానికి కారణం తెలిపే పర్పస్ కోడ్ అక్కడ రాయాలి. విదేశంలో స్థిరాస్తి పెట్టుబడికి కోడ్ ఎస్ 0005. కౌంటరులో తొందరలో 'కుటుంబ పోషణ' అనో 'ప్రయాణం' అనో రాసి పంపేస్తే డబ్బు చేరుతుంది, కానీ ఆరేళ్ల తర్వాత అమ్మి వెనక్కి తెచ్చుకునేటప్పుడు ఇది ఇంటి డబ్బేనని చూపడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. సంతకం పెట్టేముందు ఆ గడిని కళ్లతో చూసి, బ్యాంకు ముద్ర వేసిన నకలు తీసుకోండి. స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే సందేశం నకలు) కూడా దాచండి. పంపిన డబ్బు వాడకుండా మిగిలితే 180 రోజుల్లో తిరిగి తెచ్చేయాలి.

*

మిర్చి, పత్తి వేస్తాం. వ్యవసాయ ఆదాయం తప్ప వేరేది లేదు, రిటర్నులు వేయలేదు. శ్రీలంకలో ఫ్లాటుకు డబ్బు "ఇక్కడ నగదుగా ఇస్తే అక్కడ చేరుస్తాం" అంటున్నారు. తేలిక కదా?
రైతు, గుంటూరు

ఆ తేలిక పద్ధతి పేరు హవాలా. ఫెమా కింద ఇందులో ఉన్న మొత్తానికి మూడింతల వరకు జరిమానా వేయొచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు: విదేశంలో ఆస్తి నిబంధనలకు విరుద్ధంగా ఉందని తేలితే, 2015 నుంచి అమల్లో ఉన్న 37ఏ సెక్షన్ ప్రకారం దానికి సమానమైన విలువ గల ఆస్తిని ఇక్కడ స్వాధీనం చేసుకోవచ్చు. కొలంబో ఫ్లాటు కోసం గుంటూరు పక్కన పొలం పోగొట్టుకోవడమే అవుతుంది. పైగా అక్కడి చట్టం కూడా డబ్బు బ్యాంకు ద్వారా బయటి నుంచి వచ్చినట్టు రుజువు అడుగుతుంది. నగదు చేతులు మారితే డీడే కుదరదు.

సరైన దారి మీకు మూసుకుపోలేదు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేకపోయినా దాన్ని ఎల్‌ఆర్‌ఎస్‌లో పంపవచ్చు. పాన్ తప్పనిసరి. ఆ బ్యాంకులో మీ ఖాతా కనీసం ఏడాది నుంచి నడుస్తూ ఉండాలి. కొత్త ఖాతా అయితే పాత బ్యాంకు ఏడాది స్టేట్‌మెంటు అడుగుతారు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినప్పుడు పట్టాదారు పాసుపుస్తకం, మిర్చి యార్డులో అమ్మిన తక్‌పట్టీలు, కమీషన్ వ్యాపారి నుంచి ఖాతాలో పడిన జమలు చూపించాలి. యార్డులో నగదు తీసుకుని ఇంట్లో ఉంచుకునే అలవాటుంటే, కొనాలనుకున్న ఏడాది కంటే ముందు నుంచే సొమ్ము ఖాతాలో వేయించుకోండి. మీ ఖాతాలో జమలు తక్‌పట్టీల తేదీలతో సరిపోలితే మేనేజరు రెండో ప్రశ్న వేయడు. టీసీఎస్ వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. పన్ను సున్నా అయినా సరే వేయండి. ఆస్తి కొన్నాక అది ఎలాగూ తప్పదు.

*

నేపాల్‌లో పోఖరా దగ్గర స్థలం చవక అంటున్నారు. 1950 ఒప్పందం ప్రకారం భారతీయులు కొనుక్కోవచ్చట కదా?
ఉపాధ్యాయురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

1950 జులై 31న కుదిరిన శాంతి, స్నేహ ఒప్పందం ఏడో అధికరణంలో ఆస్తి యాజమాన్యం ప్రస్తావన ఉన్నమాట నిజమే. కానీ రిజిస్ట్రేషన్ చేయాల్సింది అక్కడి మాల్‌పోత్ (భూమి రెవెన్యూ) కార్యాలయం, అది చూసేది నేపాల్ సివిల్ కోడ్‌ను. ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశీయులకు స్థిరాస్తి అమ్మడం, బదలాయించడం ఆ కోడ్ ప్రకారం కుదరదు. "మా బావమరిది పేరుమీద పెట్టి మీకు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తాం" అన్న మాటకు అక్కడి కోర్టులో విలువ లేదు. స్థలం కాగితం ఎవరి పేరుమీద ఉంటే వారిదే. సెలవులకు వెళ్లడమే ఉద్దేశమైతే అద్దెకు తీసుకోండి.

భూటాన్‌లోనూ 2007 భూమి చట్టం ప్రకారం విదేశీయులు భూమి కొనలేరు. మాల్దీవుల్లో 2015లో భారీ పెట్టుబడిదారులకు యాజమాన్యం ఇచ్చేలా రాజ్యాంగాన్ని సవరించారు గానీ 2019లో ఆ సవరణను వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు అక్కడున్నది లీజు మాత్రమే.

*

కొలంబోలో కట్టడం పూర్తయిన ఫ్లాటుకు బిల్డరు అమ్మకం ఒప్పందం పంపాడు. మన ఈసీ లాంటిది అక్కడ ఉంటుందా? ఏ కాగితాలు అడగాలి? ప్రతిదానికీ మేము వెళ్లాలా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, లక్ష్మీపురం, గుంటూరు

ఈ ప్రశ్నకు కాస్త వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే మన అలవాట్లు అక్కడ పనిచేయనిది ఇక్కడే.

మన దగ్గర దస్తావేజు లేఖరి రాసి, సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకాలు పెడితే పని అయిపోతుంది. శ్రీలంకలో డీడ్‌కు ప్రాణం నోటరీ. 1840 నాటి మోసాల నిరోధక ఆర్డినెన్సు ప్రకారం స్థిరాస్తి అమ్మకం నోటరీ, ఇద్దరు సాక్షుల ఎదుట రాతపూర్వకంగా జరగాలి. ఆ తర్వాతే ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు. నోటరీ అంటే మన కోర్టు బయట స్టాంపు వేసే మనిషి అనుకోకండి. అక్కడ ఆయన న్యాయవాది, టైటిల్ వెతికేదీ డీడ్ రాసేదీ ఆయనే. బిల్డరు పెట్టిన నోటరీతో సరిపెట్టుకోకుండా మీ తరఫున మరొకరిని పెట్టుకోండి. దీనికి పెట్టే ఖర్చు మొత్తం కొనుగోలులో అన్నిటికంటే సార్థకమైనదని మా అభిప్రాయం.

ఈసీ బదులు ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ భూమి ఫోలియో (రిజిస్టరులో దాని పేజీ) నకళ్లు తీసి కనీసం 30 ఏళ్ల చరిత్ర చూస్తారు. అమ్మకాలు, తాకట్లు, కోర్టు కేసుల నోటీసులు అన్నీ అందులో వరసగా ఎక్కుతాయి. కొన్ని ప్రాంతాల్లో 1998 టైటిల్ రిజిస్ట్రేషన్ చట్టం కింద 'బిమ్ సవియ' పథకంలో టైటిల్ సర్టిఫికెట్లు ఇచ్చారు. అక్కడ డీడ్ల గొలుసు కాదు, సర్టిఫికెట్టే ఆధారం. రెండింటిలో మీ ఫ్లాటు ఏ పద్ధతి కిందికి వస్తుందో మొదటే అడగండి.

ఇప్పుడు అసలు కిటుకు. ఫ్లాటు కట్టడం అయిపోవడం వేరు, దానికి విడి టైటిల్ రావడం వేరు. 1973 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం కింద కండోమినియం ప్లాను నమోదైతేనే మీ ఫ్లాటు ఒక విడి ఆస్తిగా పుడుతుంది. అది జరగకుండా ఇచ్చేది అమ్మకం ఒప్పందమే, యాజమాన్యం కాదు. లిఫ్టు తిరుగుతుంది, కరెంటు ఉంటుంది, పైఇంట్లో జనం కాపురముంటారు, అయినా డీడ్ రాయలేని భవనాలు ఉంటాయి. అందుకని మూడు నకళ్లు చేతికొచ్చేదాకా పెద్ద మొత్తం కదపకండి: నమోదైన కండోమినియం ప్లాను, స్థానిక సంస్థ ఇచ్చే కన్‌ఫర్మిటీ సర్టిఫికెట్ (అనుమతి ప్రకారమే కట్టారన్న ధ్రువపత్రం), ఆ భూమి మీద బిల్డరు తీసుకున్న బ్యాంకు అప్పు నుంచి మీ ఫ్లాటును విడుదల చేసిన పత్రం. ప్లానులో మీ ఫ్లాటు నంబరు, విస్తీర్ణం, కారు పార్కింగ్ నంబరు చూడండి. తలుపు మీద నంబరు ఒకటి, ప్లానులో మరొకటి ఉంటే డీడ్‌లోకి ఎక్కేది ప్లాను నంబరే.

డబ్బు నేరుగా బిల్డరు ఖాతాకు వేయకండి. అక్కడి బ్యాంకులో మీ పేరుమీద ఇన్‌వర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ (విదేశం నుంచి పెట్టుబడి తెచ్చేవారి ఖాతా) తెరిచి, ఇక్కడి నుంచి అందులోకి పంపి, అక్కడి నుంచి బిల్డరుకు ఇవ్వాలి. రేపు అమ్మినప్పుడు సొమ్ము శ్రీలంక దాటించుకోవడానికి ఈ ఖాతా చరిత్రే ఆధారం. అడ్వాన్సు కూడా ఇదే దారిలో పోవాలి. తర్వాత కలుపుకుందామని అడ్వాన్సు ఒక్కటీ వేరే దారిన ఇచ్చినవాళ్లకు, మొత్తం విలువ విదేశం నుంచే వచ్చిందని చూపాల్సినప్పుడు ఆ ముక్క దగ్గరే లెక్క తెగుతుంది.

స్టాంపు డ్యూటీ మన దగ్గరి కంటే తక్కువే. మొదటి లక్ష శ్రీలంక రూపాయల మీద 3 శాతం, మిగతా దాని మీద 4 శాతం. 3 కోట్ల శ్రీలంక రూపాయల ఫ్లాటుకు మొదటి లక్ష మీద 3,000, మిగిలిన 2 కోట్ల 99 లక్షల మీద 11,96,000, మొత్తం 11,99,000. నోటరీ ఫీజు విడిగా ఉంటుంది. బిల్డరు చెప్పిన ధరలో పన్నులన్నీ కలిశాయో లేదో ఒప్పందంలోనే రాయించండి, నోటిమాట వద్దు.

ప్రతిసారీ వెళ్లనక్కర్లేదు, పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. కాకపోతే గుంటూరులో నోటరీ చేయించిన జీపీఏ అక్కడ చెల్లదు. చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్ ద్వారా ధ్రువీకరణ జరగాలి, తర్వాత శ్రీలంకలో నమోదు చేయాలి. అధికారం ఈ ఒక్క ఫ్లాటుకే, కొనడానికే అని రాయండి. అమ్మే అధికారం కలపకండి. బిల్డరు మనిషికి ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి.

*

విజయవాడలో ఇల్లు అమ్మాను. ఆ లాభంతో కొలంబోలో ఫ్లాటు కొంటే క్యాపిటల్ గెయిన్స్ పన్ను తప్పుతుందా? ఇక్కడ నాకు ఇంకా రెండు ఇళ్లున్నాయి.
వ్యాపారి, భవానీపురం, విజయవాడ

తప్పదు. ఇల్లు అమ్మి ఇల్లు కొన్నవారికి ఇచ్చే మినహాయింపు భారతదేశంలో కొన్న ఇంటికే వర్తించేలా 2014 ఫైనాన్స్ చట్టంలో మార్చారు. ముందు పన్ను కట్టి, మిగిలిన సొమ్ములోంచి ఎంత పంపగలరో చూసుకోండి.

రెండిళ్లున్నాయన్నారు కాబట్టి ఇది కూడా చూడండి. సొంత వాడకానికి ఉంచుకున్న రెండు ఇళ్ల వరకే వార్షిక విలువ సున్నాగా లెక్కిస్తారు. విదేశంలో ఇల్లు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మూడోది ఖాళీగా ఉన్నా అద్దెకిచ్చినట్టే భావించి పన్ను వేస్తారు. అద్దె వస్తే అక్కడ కట్టిన స్థానిక పన్ను, తర్వాత 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలింది ఇక్కడి ఆదాయంలో కలపాలి. అక్కడ కట్టిన ఆదాయపు పన్నుకు రెండు దేశాల ఒప్పందం కింద క్రెడిట్ వస్తుంది. అద్దె సొమ్మును అక్కడే పోగేయకండి. తిరిగి పెట్టుబడి పెట్టకపోతే దానికీ 180 రోజుల గడువుంది.

అన్నిటికంటే ముఖ్యం రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూలు, ఎఫ్‌ఏ. ఐటీఆర్-1, ఐటీఆర్-4లలో ఆ షెడ్యూలే లేదు, కాబట్టి మీరు ఐటీఆర్-2 లేదా 3 వేయాలి. అందులో అడిగేది ఆర్థిక సంవత్సరం కాదు, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరం. అద్దె రాకపోయినా, ఇల్లు తాళం వేసి ఉన్నా, శ్రీలంక బ్యాంకు ఖాతాలో వెయ్యి రూపాయలే ఉన్నా రాయాలి. రాయకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఈ జరిమానా నుంచి సడలింపు ఇచ్చారు. పేపర్లో ఆ వార్త చదివి ధీమాగా ఉన్నవాళ్లు ఒక మాట గమనించాలి: స్థిరాస్తికి ఆ సడలింపు లేదు. ఇక లెక్కలో లేని డబ్బుతో కొన్నదని తేలితే విలువలో 30 శాతం పన్ను, దానికి మూడింతలు జరిమానా.

*

దుబాయ్‌లో 14 ఏళ్లు పనిచేసి వచ్చేశాను. అప్పుడు అక్కడ కొన్న ఫ్లాటు ఇప్పుడు అమ్మేయాలా?
తాడేపల్లి నుంచి ఒక పాఠకుడు

అక్కర్లేదు. విదేశంలో నివసిస్తున్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగొచ్చాక ఉంచుకోవచ్చని ఫెమా 6(4) సెక్షన్ చెబుతోంది. ఉంచుకోవచ్చు, అమ్మవచ్చు, ఆ సొమ్ముతో అక్కడే మరొకటి కొనవచ్చు. తిరిగొచ్చిన మొదటి సంవత్సరాల్లో మీ నివాస హోదా 'సాధారణ నివాసి కాని' వర్గంలో ఉండవచ్చు. ఆ హోదా పోయిన ఏడాది నుంచి షెడ్యూలు ఎఫ్‌ఏలో ఆ ఫ్లాటు ఎక్కాలి. ఆ మలుపు ఏడాదిని మీ ఆడిటరు చేత రాసి ఇప్పించుకోండి. అప్పటి కొనుగోలు కాగితాలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకండి.

*

సముద్రం కనిపించే ఫ్లాటుకు నిర్వహణ ఖర్చు ఎక్కువంటారు, నిజమా? మేము లేనప్పుడు టూరిస్టులకు ఇవ్వొచ్చా?
గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

నిజమే. ఉప్పుగాలికి ముందు పోయేవి బాల్కనీలోని ఏసీ బయటి యూనిట్ రెక్కలు, ఇనుప గ్రిల్ అతుకులు, కిటికీ పట్టాల కింది స్క్రూలు. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు హాల్లో నిలబడి సముద్రం చూడటంతో ఆగకుండా బాల్కనీలోకి వెళ్లి గ్రిల్ అతుకుల దగ్గర వేలితో గీకండి. రంగు కింద పొరలుగా తుప్పు ఊడితే లోపలి పైపులు, లిఫ్టు తలుపులు కూడా అదే గాలిలో ఉన్నట్టు లెక్క. ఏసీలు నెలకొకసారైనా మంచినీళ్లతో కడగాలి, ఇల్లు నెలల తరబడి మూసిపెట్టకూడదు. తాళం వేసిన ఫ్లాటులో తేమకు బీరువాల వెనక, పరుపుల కింద బూజు పడుతుంది. వారానికోసారి వచ్చి కిటికీలు తెరిచే మనిషికి ఇచ్చే జీతం ఖర్చులో ముందే వేసుకోండి.

నెలవారీ మెయింటెనెన్స్ చదరపు అడుగు లెక్కన ఉంటుంది, మీరు ఉన్నా లేకపోయినా కట్టాలి. పాత యజమాని నుంచి కొంటుంటే భవన నిర్వహణ కార్పొరేషన్ నుంచి బకాయిల్లేవని లేఖ తీసుకోండి. పెద్ద మరమ్మతుల నిధిలో ఎంత ఉందో కూడా అడగండి. నిధి ఖాళీగా ఉంటే, లిఫ్టు మార్చే ఏడాది అందరి మీదా ఒకేసారి పడుతుంది.

టూరిస్టులకు ఇవ్వాలంటే ముందు ఆ భవనం నియమావళి తక్కువ రోజుల అద్దెకు ఒప్పుకోవాలి, తర్వాత శ్రీలంక పర్యాటకాభివృద్ధి సంస్థలో నమోదు కావాలి. ఇంకో విషయం, ఫ్లాటు ఉన్నంత మాత్రాన అక్కడ ఎన్నాళ్లయినా ఉండిపోవచ్చని అనుకోకండి. వీసా నిబంధనలు వేరు, ఇంటి కాగితం వేరు.

*

మా తదనంతరం కొలంబో ఫ్లాటు అమ్మాయికి చేరాలంటే ఇక్కడ రాసిన వీలునామా చాలదా?
విశ్రాంత దంపతులు, కొరిటెపాడు, గుంటూరు

మన దగ్గర వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు. స్థిరాస్తికి మాత్రం అది ఏ దేశంలో ఉంటే ఆ దేశ చట్టమే వర్తిస్తుంది. శ్రీలంకలో వీలునామా నోటరీ, ఇద్దరు సాక్షుల ఎదుట రాయాలి, లేదా నోటరీ లేకపోతే కనీసం అయిదుగురు సాక్షులు ఒకేసారి ఎదుట ఉండి సంతకం చేయాలి. గుంటూరులో ఇద్దరు సాక్షులతో రాసిన వీలునామాతో అక్కడి కోర్టుకు వెళితే అమ్మాయికి చిక్కులు తప్పవు.

ఫ్లాటు డీడ్ రాయించుకోవడానికి వెళ్లినప్పుడే అదే నోటరీ దగ్గర ఆ ఒక్క ఫ్లాటుకు విడిగా వీలునామా రాయండి. అందులో "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అనే మామూలు వాక్యం యథాతథంగా పెట్టించకండి, ఇక్కడి ఆస్తుల వీలునామా కూడా దాంతో కొట్టుకుపోతుంది. "శ్రీలంకలోని ఆస్తికి మాత్రమే" అని రాయించండి. ఇక్కడి వీలునామాలోనూ అదే మాట తిరగేసి, భారతదేశంలోని ఆస్తులకు మాత్రమే అని రాయాలి. వారసత్వంగా వచ్చే ఆస్తికి అక్కడి భూమి చట్టంలో మినహాయింపు ఉంది, మన ఫెమా కూడా అడ్డు చెప్పదు. అమ్మాయికి చేరిన ఏడాది నుంచి షెడ్యూలు ఎఫ్‌ఏలో రాయాల్సింది ఆమె. డీడ్ నకలు, ఫారం ఏ2, స్విఫ్ట్ కాపీలు, ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్లు ఒకే ఫైలులో పెట్టి, అది ఏ బీరువాలో ఉందో ఆమెకు ఇప్పుడే చెప్పండి.